నేను పుట్టీ పెట్టి పూడ్చేసిన గాడి

మోడల్ కిట్లు చేసేవాళ్ళకి సబ్‌మెరైన్ అంటే సెలవు రోజు లాంటిదని ఒకాయన అంటే నమ్మేశాను. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. రెండు సగాలు అతికించాలి, మీద సెయిల్ అనే గోపురం పెట్టాలి, వెనక నాలుగు రెక్కలు, ఒక ప్రొపెల్లర్, నల్లరంగు, అయిపోయింది. అంతకుముందు ఆరు నెలలు ఒక డిస్ట్రాయర్ కిట్‌తో, దాని వెంట్రుకల్లాంటి రెయిలింగులతో కుస్తీ పట్టి కళ్ళు లాగేసి ఉన్నాయి. కాబట్టి ఈసారి హాయిగా ఉందామని అమెరికా వాళ్ళ లాస్ ఏంజెలెస్ తరగతి అణు సబ్‌మెరైన్ ఒకటి, 1/350 స్కేలుది, తెప్పించుకున్నా. అసలు నౌక పొడవు 110 మీటర్లు, నా చేతిలోది అడుగుకి ఒక పిసరు ఎక్కువ.

ఇక నేను చేసిన ఘనకార్యం. రెండు సగాలూ అతికించాక వెన్ను మీద సన్నటి గాడి ఒకటి కనిపించింది. అచ్చు సరిగ్గా పడలేదు పాపం అనుకుని పుట్టీ పెట్టి పూడ్చేసి, ఎమరీ పేపర్‌తో రుద్ది రుద్ది నున్నగా చేశాను. తర్వాత కుడి పక్కన ముందు నుంచి తోక దాకా ఒక పొడవాటి గట్టు తగిలింది వేలికి. ఎడమ పక్కన లేదు. ఒక పక్కే ఉందంటే అది కచ్చితంగా అచ్చు తేడానే కదా అని బ్లేడుతో గీకి పారేశా. ఒక పూట పట్టింది, చాలా తృప్తిగా అనిపించింది కూడా.

రెండు రోజుల తర్వాత రంగు ఎలా వేయాలో చూద్దామని అసలు నౌకల ఫొటోలు వెతుకుతుంటే ఒకటి దొరికింది. రేవులోకి వస్తున్న సబ్‌మెరైన్ మీద నావికులు వరసగా నిలబడి ఉన్నారు, అందరికీ నడుముకి బెల్టు, బెల్టు నుంచి కిందికి ఒక పట్టీ, ఆ పట్టీ చివర కొక్కెం డెక్కు మీద ఒక గాడిలోకి దిగి ఉంది. నేను పూడ్చిన గాడి! దాన్ని సేఫ్టీ ట్రాక్ అంటారట. గుండ్రటి, తడి, రబ్బరు వెన్ను మీద నిలబడాలి, పట్టుకోడానికి రెయిలింగ్ అనేది లేదు, అల వస్తే మనిషి జారి నీళ్ళలో పడతాడు. అందుకని ఆ గాడిలో కొక్కెం తగిలించుకుని దాన్ని జరుపుకుంటూ నడుస్తారు. రెయిలింగ్ పెట్టొచ్చు కదా అంటే పెట్టకూడదు. నీళ్ళ అడుగున వెళ్తున్నప్పుడు ఒళ్లు మీద పొడుచుకొచ్చిన ప్రతి వస్తువూ చప్పుడు చేస్తుంది. చప్పుడు చేసిన సబ్‌మెరైన్ దొరికిపోతుంది.

అక్కడి నుంచి నాకు ఇది పిచ్చిలా పట్టుకుంది. కిట్ పక్కన పడేసి ఫొటోలు చూడ్డం మొదలుపెట్టాను. ఏమీ లేనట్టు కనిపించే ఆ నల్లటి గొట్టం మీద నిజానికి బోలెడు ఉంది, కాకపోతే ఉన్నదాన్నంతా లేనట్టు దాచడానికే ఇంజనీర్లు కష్టపడ్డారు.

ముందు ఆకారం సంగతి. పాత సబ్‌మెరైన్లు, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటివి, అసలు ఓడలే, అవసరమైతే మునిగే ఓడలు. బ్యాటరీ ఎక్కువసేపు రాదు కాబట్టి చాలావరకు పైనే తిరిగేవి, అందుకే వాటికి ఓడలాంటి కోసు ముక్కు, డెక్కు, ఫిరంగి అన్నీ ఉండేవి. 1954లో అమెరికా నౌకాదళంలో చేరిన నాటిలస్‌కి లోపల అణు రియాక్టర్ ఉన్నా పైన ఆకారంలో పాత వాసన పోలేదు. ఆకారాన్ని నిజంగా మార్చింది ఆల్బకోర్ అనే చిన్న ప్రయోగ నౌక, 1953లో నీళ్ళలోకి దింపారు. దాంట్లో అణుశక్తీ లేదు, ఆయుధాలూ లేవు, ఉన్నదల్లా నీటిబొట్టు లాంటి ఆకారం. ముందు లావుగా గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతూ. ఇది పైన తేలితే మొద్దులా దొర్లుతుంది గానీ లోపల చేపలా పోతుంది. ఈ ఆకారాన్నీ రియాక్టర్‌నీ కలిపింది 1959 నాటి స్కిప్‌జాక్. ఆ తర్వాత వచ్చినవాటిని బొట్టులా కాకుండా మధ్యలో సాగదీసి గొట్టంలా చేశారు. గొట్టం కట్టడం తేలిక, లోపల చోటూ కలిసొస్తుంది. నా కిట్ ఆ గొట్టమే.

డెక్కు మీద ఇంకా చాలా ఉన్నాయి. తాళ్ళు కట్టే గుంజలు, క్లీట్లు అంటారు, రేవులో పైకి కనిపిస్తాయి. సముద్రంలోకి వెళ్ళేటప్పుడు వాటిని తిప్పేసి ఒళ్లులోకి మడిచేస్తారు, పైన నున్నటి మూత మాత్రమే మిగులుతుంది. మడిచాక కాస్త వదులుగా ఉండి లటలట కొట్టుకుందంటే ఆ ప్రయాణం మొత్తం అదే తలనొప్పి. నౌక నంబరు కూడా ప్రారంభోత్సవాల ఫొటోల్లో తెల్లగా సెయిల్ మీద కనిపిస్తుంది, యాత్రకి బయలుదేరేసరికి నల్లరంగు కింద మాయమైపోతుంది. నేనేమో కిట్‌తో వచ్చిన నంబరు స్టిక్కర్‌ని ఎంతో ముచ్చటపడి పక్కన దాచుకున్నా.

హ్యాచ్‌ల, అంటే మనుషులు ఎక్కి దిగే మూతల చుట్టూ బల్లపరుపుగా ఉండే ఒక వలయం ఉంటుంది, దాన్ని చాలా ఫొటోల్లో తెల్లటి గీతలతో గుర్తు పెట్టి ఉంచడం చూడొచ్చు. నౌక మునిగి అడుగున పడిపోతే రక్షించడానికి వచ్చే చిన్న సబ్‌మెరైన్ వచ్చి కూర్చునే చోటు అది. వలయం మీద అంచు గట్టిగా ఆనితే, మధ్యలో నీళ్ళు తోడేస్తే, బయటి ఒత్తిడే రెండిట్నీ కలిపి బిగిస్తుంది. చుట్టుపక్కల అంతా గుండ్రంగా వంపు తిరిగి ఉన్న ఒంటి మీద ఆ కాస్త మేరే చదునుగా ఎందుకుందో నాకు అప్పటిదాకా తట్టలేదు. 2000 ఆగస్టులో రష్యా సబ్‌మెరైన్ కుర్స్క్ బేరెంట్స్ సముద్రంలో మునిగినప్పుడు రోజుల తరబడి ప్రపంచమంతా చూసింది సరిగ్గా ఇలాంటి ఒక వలయం వైపే. చివరికి నార్వే డైవర్లు వెనక హ్యాచ్ తెరిచేసరికి లోపలంతా నీళ్ళు నిండి ఉన్నాయి. 118 మంది పోయారు.

కుర్స్క్ పేరు వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. రష్యన్లవి ఎక్కువగా రెండు పొరల నౌకలు. లోపల ఒత్తిడిని తట్టుకునే దళసరి ఉక్కు గొట్టం, దాని మీద మీటరుకి పైగా ఖాళీ వదిలి పల్చటి పైతొడుగు. అమెరికా, బ్రిటన్‌లు చాలావరకు ఒకే పొరతో సరిపెట్టి, మునగడానికి నీళ్ళు నింపుకునే బ్యాలస్ట్ ట్యాంకుల్ని ముందూ వెనకా మాత్రమే పెడతాయి. రెండు పొరలుంటే దెబ్బ తగిలినా ఓర్చుకుంటుంది, మధ్యలో సామాను కూడా దాచుకోవచ్చు, కానీ ఒళ్లు పెద్దదవుతుంది, పైతొడుగుకి నీళ్ళు వచ్చిపోయే రంధ్రాలు బోలెడు కావాలి. ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే బుయ్‌మని ఎలా మోగుతుందో నీళ్ళు ఆ రంధ్రాల మీదుగా వేగంగా పోతే అవీ అలా మోగుతాయి. అందుకే కొన్ని నౌకల్లో వాటికి తలుపులు పెట్టారు. పాత సోవియట్ నౌకల ఫొటోల్లో పక్కలంతా చిల్లులు చిల్లులుగా కనిపిస్తే, కొత్తవాటిలో ఆ చిల్లులు తగ్గిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. 2001లో కుర్స్క్‌ని పైకి లేపడానికి 26 చోట్ల ఒళ్లు కోయాల్సి వచ్చింది, ఇసుక కలిపిన నీటి ధారతో కోశారు, ముందు రబ్బరు, తర్వాత పైతొడుగు, తర్వాత మధ్యలో పైపులు, అప్పుడు గానీ అసలు గొట్టం రాలేదు.

ఆ రబ్బరు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే నచ్చింది అదే. దూరం నుంచి చూస్తే ఉక్కు మీద నల్లరంగు అనుకుంటాం. దగ్గర్నుంచి తీసిన ఫొటోలో అది రంగు కాదు, పలకలు. నేల మీద పరిచినట్టు వరసలు వరసలుగా అతికించిన రబ్బరు పలకలు, మధ్యలో అతుకు గీతలు. బ్రిటన్ వాళ్ళ అస్ట్యూట్ అనే సబ్‌మెరైన్ మీద ఇలాంటివి 39,000కి పైగా ఉన్నాయని వాళ్ళ నౌకాదళమే గొప్పగా చెప్పుకుంటుంది. ఒక్క నౌక, 97 మీటర్లు, ముప్పై తొమ్మిది వేల పలకలు! ఒక్కోదానికీ కొలత, వంపు, జిగురు.

ఇవి రెండు పనులు చేస్తాయి. శత్రువు సోనార్, అంటే ధ్వనితో వెతికే పరికరం, నుంచి వచ్చే ధ్వనిని మింగి, తిరిగి వెళ్ళే ప్రతిధ్వనిని బలహీనం చేస్తాయి. లోపలి యంత్రాల చప్పుడు బయటికి పోకుండా ఆపుతాయి. రబ్బరు లోపల చిన్న చిన్న గాలి అరలు ఉంటాయి, ధ్వని తరంగం వచ్చి తాకితే ఆ అరలు నలిగి, సాగి, శక్తి అంతా కాస్త వేడిగా మారిపోతుంది. అయితే లోతుకి వెళ్ళేకొద్దీ అరలు ఒత్తిడికి నలిగిపోతాయి, అప్పుడు పలక గుణమే మారిపోతుంది. 300 మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటర్ మీద, అంటే మీ బొటనవేలి గోరంత చోటు మీద, 30 కిలోల బరువు పడుతుంది. చదరపు మీటరుకి 300 టన్నులు. ఆ ఒత్తిడికి నౌక ఒళ్లే కాస్త కుంచించుకుపోతుంది. పైకొస్తే మళ్ళీ సాగుతుంది. పైన చలి, కింద ఇంకో చలి, రేవులో ఎండ. ఉక్కు ఒక రకంగా కదులుతుంటే రబ్బరు ఇంకో రకంగా కదులుతుంది, మధ్యలో జిగురు ఏం చేయగలదు?

ఊడిపోతుంది. ఈ ఆలోచన కొత్తదేం కాదు, రెండో ప్రపంచ యుద్ధంలోనే జర్మన్లు యూ-480 అనే సబ్‌మెరైన్‌కి నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు తొడుగు వేశారు, ఆల్బెరిచ్ అని ముద్దుపేరు, వాళ్ళ పురాణాల్లో మాయం చేసే టోపీ ఉన్న మరుగుజ్జు పేరది. వాళ్ళకీ జిగురే సమస్య. అరవై ఏళ్ళ తర్వాత అమెరికా వర్జీనియా తరగతి తొలి నౌకలు సముద్రం నుంచి తిరిగొచ్చినప్పుడు తీసిన ఫొటోల్లో పక్కల నుంచి పెచ్చులు పెచ్చులుగా పూత లేచిపోయి ఉంది. సగం ఊడిన పెచ్చు అసలు లేకపోవడం కంటే అన్యాయం, అది నీటి ధారకి రెపరెపలాడుతూ తనే చప్పుడు చేస్తుంది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన యంత్రాల్లో ఒకటి, రియాక్టర్ ఉంది, నెలల తరబడి ఊపిరి పీల్చకుండా నీళ్ళలో ఉంటుంది, చివరికి దాని తలనొప్పి ఏమిటంటే జిగురు సరిగ్గా పట్టకపోవడం. మోడల్ కిట్లు చేసేవాడిగా ఇది చదివినప్పుడు నాకు ఆ ఇంజనీర్ల మీద సొంత మనుషుల మీద పుట్టేంత అభిమానం పుట్టింది.

సరే, గట్టు సంగతి. నేను గీకేసిన ఆ కుడి పక్క గట్టు లాస్ ఏంజెలెస్ తరగతి నౌకలకి ఆనవాలు లాంటిదట. దాని లోపల ఒక గొట్టం ఉంది, గొట్టంలో మైక్రోఫోన్ల దండ. నౌక దాన్ని తోక దగ్గర్నుంచి వదిలి, వందల మీటర్ల కేబుల్ చివర వెనకాల ఈడ్చుకుంటూ పోతుంది. సబ్‌మెరైన్‌కి తన వెనక తనకే వినపడదు, సొంత ప్రొపెల్లర్, సొంత యంత్రాల రొద అడ్డం. అందుకని చెవిని దూరంగా తోకకి కట్టుకుని తిరుగుతుంది అన్నమాట. దండ పొడవుగా ఉంటే లోతైన గరగరలాంటి ధ్వనులు, దూరం నుంచి వచ్చేవి, బాగా పట్టుబడతాయి. ఆ దండ ఒళ్లు లోపల పట్టక బయట ఒక పక్కన తొడుగు వేసి అతికించారు. కుడి ఎడమలు ఒకేలా ఉండాలన్న నియమం ఏ ఇంజనీరూ రాయలేదు, నేనే రాసుకున్నా.

సోవియట్లు అదే పనికి ఇంకో దారి పట్టారు. వాళ్ళ విక్టర్ 3, తర్వాత అకులా నౌకల ఫొటోలు చూస్తే తోక మీద నిలువు రెక్క చివర ఒక పెద్ద గుడ్డు కూర్చుని ఉంటుంది. మన నౌకాదళం 2012లో లీజుకి తెచ్చుకున్న ఐఎన్ఎస్ చక్ర కూడా అకులానే, ఆ గుడ్డు దానికీ ఉంది. మొదటిసారి దాన్ని చూసిన పశ్చిమ దేశాల నిపుణులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ప్రొపెల్లరే లేకుండా అయస్కాంతాలతో నీళ్ళని నెట్టే కొత్త రకం ఇంజనేమో అని కూడా అనుకున్నారు. అది ఈడ్చుకెళ్ళే సోనార్ చుట్టిపెట్టుకునే పెట్టె, అంతే.

ఈ కథకి ఒక మలుపు ఉంది. 1983 చివర్లో కే-324 అనే విక్టర్ 3 నౌక అమెరికా తూర్పు తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో తిరుగుతోంది. అక్కడే అమెరికా యుద్ధనౌక మెక్‌క్లాయ్ తన సోనార్ కేబుల్‌ని వెనకాల ఈడ్చుకుంటూ పోతోంది. వినడానికి వేసిన ఆ కేబుల్ వెళ్ళి సోవియట్ నౌక ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. ప్రొపెల్లర్ బిగుసుకుపోయింది. ఇక చేసేదేం లేక అణు సబ్‌మెరైన్ నడి సముద్రంలో పైకి తేలి, అందరూ ఫొటోలు తీస్తుంటే గుడ్డుతో సహా అలా పడి ఉంది, చివరికి సోవియట్ నౌక ఒకటి వచ్చి క్యూబాకి లాక్కెళ్ళింది. కేబుల్ ముక్క సోవియట్ల చేతికి చిక్కింది, సబ్‌మెరైన్ ఫొటోలు అమెరికన్లకి చిక్కాయి. ఎవరికి లాభమో తేల్చుకోండి.

ముక్కు గురించి. నా కిట్ ముక్కు వేరే ముక్కగా వచ్చింది, అతుకు గీత స్పష్టంగా కనిపిస్తుంది. అదీ నిజమేనట. ముందు గుండ్రటి భాగం ఉక్కు కాదు, ఫైబర్‌గ్లాస్ గుమ్మటం, లోపల గాలి కాదు, నీళ్ళు, ఆ నీళ్ళలో గోళంలాంటి పెద్ద సోనార్. ధ్వని అడ్డం లేకుండా లోపలికి రావాలి కాబట్టి పల్చటి గుమ్మటం. అంత మంచి చోటు చెవికి ఇచ్చేశారు కాబట్టి టార్పెడో గొట్టాలు మధ్యకి జరిగి, పక్కల నుంచి వాలుగా బయటికి చూస్తాయి, వాటి తలుపులు ఒళ్లుతో కలిసిపోయి మూసుకుంటాయి. 2014లో వచ్చిన నార్త్ డకోటా అనే నౌక నుంచి వర్జీనియా తరగతిలో గోళం తీసేసి వేరే రకం సోనార్ అమరిక పెట్టారు, బయటి నుంచి తేడా కనిపెట్టడం కష్టం.

ఆ ముక్కు ఎంత మెత్తనిదో 2005 జనవరి 8న తెలిసింది. శాన్ ఫ్రాన్సిస్కో అనే నౌక, నా కిట్ తరగతిదే, గువామ్ దీవికి ఆగ్నేయంగా పూర్తి వేగంతో పోతూ నీళ్ళ అడుగున ఉన్న కొండని గుద్దేసింది. వాళ్ళు వాడిన మ్యాపులో అక్కడ కొండ లేదు. ఒక నావికుడు చనిపోయాడు, దాదాపు వంద మందికి దెబ్బలు తగిలాయి. నీళ్ళు తోడేసి నౌకల్ని మరమ్మతు చేసే డ్రై డాక్‌లో ఆ నౌక ఫొటో ఉంది, ముక్కు ఉండాల్సిన చోట చిరిగిన లోహం, దాని మీద కప్పిన టార్పాలిన్. కానీ వెనక అసలు గొట్టం పగల్లేదు, అందుకే మిగతావాళ్ళు తిరిగొచ్చారు. తర్వాత రిటైరవుతున్న హొనొలులు అనే నౌక ముక్కు కోసి దీనికి అతికించారు. అంటే అచ్చం మేం చేసినట్టే, ఒక కిట్ ముక్క తీసి ఇంకో కిట్‌కి! 2021 అక్టోబరులో కనెక్టికట్ అనే అమెరికా సబ్‌మెరైన్ కూడా దక్షిణ చైనా సముద్రంలో ఇలాగే కొండని తగిలి, గుమ్మటం పోగొట్టుకుని, నీటి మీద తేలుతూనే గువామ్ చేరింది.

సెయిల్ అంటే పైన నిలబడి ఉండే ఆ రెక్కలాంటి గోపురం, బ్రిటిష్ వాళ్ళు ఫిన్ అంటారు. చిన్నప్పుడు కెప్టెన్ గది అందులోనే ఉంటుంది అనుకునేవాణ్ణి. అందులో ఎక్కువ భాగం నీళ్ళు నిండే ఖాళీయే. పెరిస్కోపు, రేడియో, రాడార్ స్తంభాలు నిలబడ్డానికి, రేవులోకి వచ్చేటప్పుడు మనిషి ఎత్తులో నిలబడి చూడ్డానికి, అంతే. ఇంజనీర్లకి అదొక కంట్లో నలుసు, ఎందుకంటే నున్నటి ఒంటి మీద అంత పెద్ద గోడ నిలబెడితే దాని మొదట్లో నీరు సుడులు తిరుగుతుంది, ఆ సుడులు వెనక్కి పోయి ప్రొపెల్లర్‌కి తగులుతాయి. అమెరికా వాళ్ళ సీవుల్ఫ్, వర్జీనియా నౌకల్లో సెయిల్ ముందు అంచు ఒంటికి కలిసేచోట ఒక వాలు, మెడ కండరంలాగా, కనిపిస్తుంది చూడండి, అది ఈ సుడిని తగ్గించడానికే. వర్జీనియాలో పెరిస్కోపు బదులు కెమెరాల స్తంభం వచ్చింది, గొట్టం లోపలికి దిగాల్సిన పని లేదు, బొమ్మ వైరులో వస్తుంది, కాబట్టి కంట్రోల్ రూమ్ సరిగ్గా సెయిల్ కిందే ఉండక్కర్లేదు. ఆ కెమెరాని వీడియో గేమ్ కంట్రోలర్‌తో తిప్పుతారన్న వార్త 2018లో కొలరాడో నౌక వచ్చినప్పుడు బాగానే తిరిగింది.

అమెరికా వాళ్ళ పాత స్టర్జన్ తరగతిలో సెయిల్‌కి రెండు పక్కలా రెక్కలు ఉండేవి, ఆర్కిటిక్‌లో మంచు పగలగొట్టుకుని పైకి రావాలంటే ఆ రెక్కల్ని నిలువుగా తిప్పేసేవారు, లేకపోతే మంచుకి తగిలి విరుగుతాయి. లాస్ ఏంజెలెస్ తరగతి మొదటివాటికి కూడా రెక్కలు సెయిల్ మీదే, 1988 నాటి శాన్ యువాన్ అనే నౌక నుంచి మాత్రం వాటిని ముక్కు దగ్గరికి జరిపి, లోపలికి ముడుచుకునేలా చేశారు. నా కిట్‌లో రెండు రకాల రెక్కలూ ఇచ్చారు, ఏదో ఒకటి పెట్టుకోమని. నేను రెండూ పెట్టబోయాను, అది వేరే సంగతి. రష్యన్ల సెయిల్ ముందు భాగంలో ముళ్ళలాంటి చిన్న చిన్న పరికరాల గుంపు కూడా కనిపిస్తుంది, ఇంకో సబ్‌మెరైన్ వెళ్ళిన దారిలో నీటికి వచ్చిన తేడాల్ని బట్టి జాడ పట్టేవి. అంటే చెవితో కాకుండా ముక్కుతో వెతకడం అనుకోండి.

ఇక తోక. డ్రై డాక్‌లో సబ్‌మెరైన్ ఫొటోలు వందల కొద్దీ చూశాక ఒక విషయం గమనించాను, ముక్కు చూపిస్తారు, సెయిల్ చూపిస్తారు, నీళ్ళకి దిగువ ఎర్రరంగు చూపిస్తారు, జింకు దిమ్మెలు కూడా చూపిస్తారు. ఉక్కు బదులు తాము తుప్పుపట్టి పోవడానికి అతికించే దిమ్మెలు అవి. ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ కప్పేసి ఉంటుంది. 2007లో ఇంటర్నెట్ మ్యాపుల్లో పై నుంచి తీసిన ఒక ఫొటోలో అమెరికా ఒహాయో తరగతి సబ్‌మెరైన్ ప్రొపెల్లర్ గుడ్డ లేకుండా దొరికిపోతే అదొక పెద్ద వార్త అయింది.

అంత రహస్యం ఎందుకంటే చప్పుడంతా అక్కడే. ప్రొపెల్లర్ ఆకు వేగంగా తిరిగితే వెనక ఒత్తిడి పడిపోయి, మామూలు చల్లటి నీళ్ళే బుడగలు కడతాయి, ఆ బుడగలు వెంటనే చితికి టపటపమంటాయి. వేల కొద్దీ బుడగలు చితికితే మైళ్ళ దూరం వినపడుతుంది. దీన్ని తగ్గించడానికి ఆకుల్ని కొడవలిలా వంచుతారు, ఏడు ఆకులు పెడతారు, నెమ్మదిగా తిప్పుతారు. ఆ వంపుని ఎంత కచ్చితంగా చెక్కగలరన్నదే అసలు విద్య. 1987లో బయటపడ్డ గొడవ ఇదే: జపాన్‌కి చెందిన తోషిబా మెషీన్ చెక్కే యంత్రాల్నీ, నార్వేకి చెందిన కొంగ్స్‌బెర్గ్ వాటిని నడిపే కంప్యూటర్లనీ నిషేధం ఉన్నా సోవియట్లకి అమ్మేశాయి. అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు కెమెరాల ముందు తోషిబా రేడియోని సుత్తులతో పగలగొట్టారు కూడా. నాకైతే అది కాస్త నాటకంలా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ యంత్రాలు చేరకముందే విక్టర్ 3లు నిశ్శబ్దంగా తయారయ్యాయి. రేడియో ఏం పాపం చేసింది?

ఇప్పుడు చాలా కొత్త నౌకల్లో ఆకులు బయటికే కనిపించవు, చుట్టూ ఒక డబ్బా ఉంటుంది, పంప్‌జెట్ అంటారు. బ్రిటిష్ వాళ్ళు ముందు మొదలుపెట్టారు, తర్వాత సీవుల్ఫ్, వర్జీనియా, ఫ్రెంచ్ వాళ్ళ త్రియోంఫాం, రష్యా బోరేయ్ అన్నీ అదే దారి. చుక్కానులు కూడా మారుతున్నాయి, కూడిక గుర్తులా ఉండేవి ఇంటూ గుర్తులా తిరుగుతున్నాయి. 2020లో వచ్చిన ఫ్రెంచ్ సుఫ్రెన్‌కి అదే, అమెరికా కట్టిస్తున్న కొలంబియా తరగతికీ అదే. ఒకటి బిగుసుకుపోయినా మిగతా మూడూ పైకీ కిందికీ పక్కలకీ అన్నిటికీ పనికొస్తాయి, పైగా నౌక అడుగున ఆనినా విరగవు. ఆల్బకోర్ దీన్ని 1960ల్లోనే చేసి చూపించింది, ఆ చిన్న నౌకని నిజంగా మెచ్చుకోవాలి.

ఇంత చేస్తే ఏమైందంటే, 2009 ఫిబ్రవరిలో బ్రిటన్ వాన్‌గార్డ్, ఫ్రాన్స్ త్రియోంఫాం, రెండూ అణు క్షిపణులు మోసే నౌకలే, అట్లాంటిక్ అంత సముద్రంలో ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. గుద్దింది దేన్నో కూడా ఫ్రెంచ్ వాళ్ళకి వెంటనే తెలియలేదు, మునిగిన కంటైనర్ ఏదో తగిలిందని మొదట ప్రకటించారు. పలకలు, పంప్‌జెట్, అన్నీ అంత బాగా పనిచేశాయన్నమాట.

నా కిట్ విషయానికి వస్తే, పుట్టీని సూదితో మళ్ళీ గీకి గాడి తీశాను, వంకర వచ్చింది, మూడోసారికి స్టీలు స్కేలు పెట్టి గీస్తే సరిపోయింది. గీకేసిన గట్టు స్థానంలో సన్నటి ప్లాస్టిక్ కడ్డీని నిలువునా సగానికి చీల్చి కుడి పక్కన అతికించాను. పలకలు ఊడిన చోట్లు చూపించడానికి నల్లరంగు మీద ముదురు బూడిదరంగుతో అంచులు గజిబిజిగా నాలుగైదు మచ్చలు పెట్టాను, నంబరు స్టిక్కర్ పెట్టలేదు. ప్రొపెల్లర్ దగ్గర ఆగిపోయాను. కిట్‌లో ఇచ్చినది ఎవరో ఊహించి చేసింది, అసలుది ఎలా ఉంటుందో చూసి చెప్పేవాళ్ళు లేరు. చివరికి టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన జిగురులో తడిపి దాని మీద కప్పేసి, ఆరాక ఆకుపచ్చ టార్పాలిన్ రంగు వేశాను.

మా తమ్ముడు వచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. "బానే ఉంది గానీ అన్నయ్యా, వెనక ఈ గుడ్డ ఏంటి? ఫ్యాన్ విరగ్గొట్టేశావా?"

అవునన్నాను.